పిల్ల ఎవరు, ఎదురెవరు

పుష్పవల్లి టైపు చేసిన ఉత్తరంలో తప్పు పట్టిన మనిషి మద్రాసు పెరంబూరులో లేడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒకే ఒక్కసారి, నెల్లూరు నుంచి ఒక రిటైరైన తాసిల్దారుగారు ‘మీ ఉత్తరంలో కామా ఒకటి ఎక్కువైంది’ అని కార్డు రాస్తే, ఆవిడకు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు గ్రామరు పుస్తకం తిరగేసి, ఆ కామా అక్కడ ఉండాల్సిందేనని తేల్చుకున్నాకే పెరుగన్నం గొంతు దిగింది. ఆ సంగతి తాసిల్దారుగారికి మాత్రం తిరిగి రాయలేదు. పెద్దమనిషి, నొచ్చుకుంటాడని.

పుష్పవల్లి తాతల నాడెప్పుడో చిత్తూరు వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. తండ్రి ఫిట్టరు. క్వార్టర్స్ పక్క సందులోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరూ హయ్యరూ పాసై, ఇరవై రెండో ఏట వరదరాజులు నాయుడుగారి తెలుగు కల్యాణ బ్యూరోలో చేరింది. బియ్యం కొట్టు పైన ఒక పెద్ద గది. ఒక బీరువా, రెండు బల్లలు, ఒక ఈజీచైరు. ఈజీచైర్లో వరదరాజులుగారు. ఆయన కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోతున్నారని అర్థం కాదు, వింటున్నారని అర్థం.

ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళూ ఆవిడ వేళ్ళ మీదుగా నడిచాయి గానీ ఆవిడ పెళ్ళి మాత్రం నడవలేదు. తండ్రి పోవడం, తమ్ముడి చదువు, తర్వాత తల్లి పక్షవాతం, అలా ఏళ్ళు జరిగిపోయాయి. ఎవరైనా అడిగితే, “వండేవాళ్ళకు ఆకలుండదు గదమ్మా” అనేది. మొదటి పదేళ్ళు ఆ జవాబు నవ్వుతూ చెప్పింది. తర్వాతి పదేళ్ళు నవ్వకుండా చెప్పింది. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

బ్యూరో ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే వెళ్ళేవి. మద్రాసు తెలుగువాళ్ళలో సగంమందికి తెలుగు చదవడం రాదు, మిగతా సగానికి వచ్చినా అద్దాలు దొరకవు అని వరదరాజులుగారి అభిప్రాయం. ఉత్తరం నమూనా కూడా ఆయన స్వహస్తాలతో రాసిందే. జాతకాలు కుదిరాక రెండు పక్షాలకూ ఒకే ఉత్తరం: ‘పిల్ల ఫలానా అణకువ గలది, వంటలో నేర్పరి, చక్కని ముగ్గులు పెట్టును. వరుడు ఫలానా పొగ, మద్యం వంటి అలవాట్లు ఎరుగడు, పెద్దల మాట జవదాటడు.’ ఇరవై రెండేళ్ళుగా పేర్లే మారాయి. పిల్లలందరూ అణకువ గలవాళ్ళే. వరులందరూ జవదాటనివాళ్ళే.

మద్రాసు పేరు చెన్నై అని మారిన మరుసటి ఏడు, లెటర్‌హెడ్లు ఎలాగూ కొత్తవి కొట్టించాలి కదా అని, వరదరాజులుగారు ఆ ఊపులో కంప్యూటరు కూడా కొన్నారు. ప్రోగ్రాం రాయడానికి తమ్ముడి మనవరాలు శరణ్యను రప్పించారు. ఇరవై మూడేళ్ళది, కంప్యూటరు చదువు పూర్తిచేసి ఉద్యోగానికి ఎదురుచూస్తోంది. ఇంట్లో అందరూ తెలుగువాళ్ళే గానీ, ఆ అమ్మాయి వాక్యం తెలుగులో ఎక్కి తమిళంలో దిగేది.

“ఉత్తరం ఒకటే దా ఆంటీ. దాంట్లో ఖాళీలు విడుస్తాం. ఒక్కో ఖాళీకి ఒక కీ. ఆ కీ కింద ఏం పెట్టినామో, మిషన్ అది ఎత్తుకొచ్చి ఆడ పెట్టేస్తది.”

“కీ అంటే మీటనా?” అంది పుష్పవల్లి, తన టైపు మిషన్ వంక చూసి.

“ఐయో, ఆ కీ లేదాంటీ. తాళం కీ. బీరువా కీ మాదిరి.”

“అట్ల చెప్పు. ఈ ఆఫీసు బీరువా తాళాలన్నీ నా కొంగుకే గదా ఉండేది.”

మొదట శరణ్య కీలకు నంబర్లు పెట్టింది. అమ్మాయి పేరుకు ఒకటి, అబ్బాయి పేరుకు రెండు. పుష్పవల్లి ఉత్తరమంతా శ్రద్ధగా కొట్టి, ఖాళీ వచ్చిన చోటల్లా శాతం గుర్తు వేసి, బ్రాకెట్లో నంబరు వేసింది. మిషన్ ఒప్పుకోలేదు. అలాంటి కీ లేదంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ తెరకు ముక్కులు ఆనించి వెతికారు. చివరికి శరణ్య కెవ్వున అరిచింది.

“ఆంటీ! ఇది ఒకటి లేదు, ఎల్!”

“ఒకటేగదమ్మా అది. ఇరవై రెండేళ్ళుగా అదే ఒకటి.”

పాపం, ఆవిడ తప్పేమీ లేదు. ఆఫీసులోని పాత టైపు మిషన్‌కు ఒకటి అంకె లేనే లేదు. చిన్న ఎల్ కొట్టి ఒకటి అనుకోమని ఇన్‌స్టిట్యూట్‌లోనే నేర్పారు. వేలాది పెళ్ళికొడుకుల పుట్టిన తేదీల్లో ఉన్న ఒకట్లన్నీ ఎల్‌లేనని శరణ్యకు ఆ రోజే తెలిసింది.

ఎల్ తీసి ఒకటి వేశారు. మిషన్ మళ్ళీ అదే మాట, అలాంటి కీ లేదు. ఈసారి శరణ్య గోళ్ళు కొరుక్కుంది. సాయంత్రానికి గుట్టు దొరికింది. “పట్టికలో నేను పెట్టింది అంకె ఒకటి ఆంటీ. ఉత్తరంలో ఖాళీలో మనం ఏం రాసినా మిషన్ దాన్ని మాట అనే అనుకుంటది. అంకె ఒకటి వేరే, మాట ఒకటి వేరే. చూసేదానికి ఒకటే మాదిరి ఉంటాయి, దానికి మాత్రం వేరే వేరే ఆళ్ళు.”

“మా క్వార్టర్స్‌లో ఇద్దరు బాలకృష్ణన్లు ఉండినారులే. ఒకాయన ఉత్తరం ఇంకొకాయన చించి చదివేసేవాడు.”

“అదే దా ఆంటీ!”

ఈజీచైర్లోంచి వరదరాజులుగారు కళ్ళు తెరవకుండానే తీర్పు చెప్పారు. “అంకెలొద్దు. పేర్లు పెట్టండి. మనుషులకు నంబర్లు పెట్టేది జైల్లో.”

బాగానే ఉందనుకున్నారు. “అయితే కీలకు పేర్లు చెప్పండాంటీ” అంది శరణ్య పెన్ను పట్టుకుని. పుష్పవల్లి ఆలోచించనైనా లేదు. “రాసుకో. పిల్ల ఒకటి, ఎదురు ఒకటి. మా ఆఫీసులో మాట్లాడుకునేది అదే. పిల్ల ఎవురు, ఎదురెవురు అనే అడుగుతారు నాయుడుగారు.”

శరణ్య ఇంగ్లీషు అక్షరాల్లో పిల్ల అని, ఎదురు అని రాసుకుంది. రిజిస్టర్లు చూసి పట్టికలు తను నింపింది. ఉత్తరం పుష్పవల్లి కొట్టింది. ఈసారి మిషన్ కిక్కురుమనలేదు. మొదటి కాగితం చరచరా బయటికి వచ్చింది. పుష్పవల్లి అద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. అయనావరం శశి, తిరువొత్తియూరు మణి. కామాలతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి.

“ఒకటి సరిగుంటే అన్నీ సరే ఆంటీ. మిషన్‌కు అలుపుండదు గదా, మధ్యలో తప్పు కొట్టేదానికి” అంది శరణ్య.

ఆ మాట విని, జీవితంలో మొదటిసారి, పుష్పవల్లి మిగతా ఉత్తరాలు చదవకుండా మడిచింది. పన్నెండు సంబంధాలు, ఇరవై నాలుగు ఉత్తరాలు. మనసు ఎక్కడో కాస్త గీరింది. గీరితే గీరిందిలే, వయసొచ్చింది, అనుకుంది.

ఆ పన్నెండిట్లో ఒకటి చూడామణమ్మ కొడుకుది.

చూడామణమ్మది కోడంబాక్కం. భర్త లేడు. కొడుకు కేదార్ స్టూడియోల్లో లైట్ల విభాగంలో పని. ముప్ఫై ఆరేళ్ళు. ఇంటికి పోయి కూర్చున్నా, సినిమా అనగానే ఆడపిల్లల వాళ్ళు ఫోటో తిప్పి ఇచ్చేసేవారు. పందొమ్మిది సంబంధాలు అలాగే పోయాయి. ప్రతి మంగళవారం ఆవిడ ఎలక్ట్రిక్ ట్రెయినెక్కి, ఒకటి మారి, పెరంబూరు వచ్చి, పుష్పవల్లి బల్ల ఎదుట కూర్చునేది. ఆ మంగళవారం కూడా వచ్చింది.

“రాయపురం వాళ్ళు ఆదివారం రమ్మన్నారంట గదా పుష్పా. ఉత్తరం పోయిందా?”

“పొద్దున్నే పోస్టు చేసేసినానమ్మా.”

“ఇదే ఆఖరంటున్నాడు వాడు. ఇదీ తప్పిందంటే ఇంక ఎవురింటికీ వచ్చి కూర్చోనన్నాడు. అన్నాడంటే అంతే వాడు, వాళ్ళ నాయన మాదిరే.” ఆవిడ పుష్పవల్లి చెయ్యి పట్టుకుంది. “నీ చేతి ఉత్తరంమా. నువ్వు రాస్తే తప్పదు.”

శుక్రవారం పదకొండింటికి ఫోను మోగింది. పుష్పవల్లే ఎత్తింది.

“నేను రాయపురం భక్తవత్సలాన్ని. ఉత్తరం ఎవురు రాసినారు?”

“నమస్కారం సార్. నేనే రాసినాను. అందిందా?”

“అందింది. చదవతా, వినండి.” ఆయన ఇంగ్లీషు ఉత్తరాన్ని కోపంలో తెలుగు చేసి చదివాడు. “‘పిల్ల కేదార్ అణకువ గలది, వంటలో నేర్పరి, చక్కని ముగ్గులు పెట్టును. వరుడు శ్రీప్రియ పొగ, మద్యం వంటి అలవాట్లు ఎరుగడు.’ ఎవురమ్మా ఈ శ్రీప్రియ ఎరుగడు?”

పుష్పవల్లి రెండో చేత్తో ఆఫీసు కాపీల కట్ట దగ్గరికి లాక్కుంది.

“నా చెల్లెలు స్కూల్లో పీటీ టీచరు. ముప్ఫై ఏళ్ళొచ్చినాయి. వీధిలో మగరాయుడు, మగరాయుడు అని వెనకాల గొణిగేవాళ్ళ నోళ్ళు మూయించేదానికి నాకు పదేళ్ళు పట్టింది. మీరు దాన్నే లెటర్‌హెడ్ మీద కొట్టి, సీలేసి, ఇంటికి పంపినారు. ఎవురు చెప్పి చేయించినారో కనుక్కుంటాలే. ఆదివారం ఎవురూ రావద్దు.”

ఫోను పెట్టేశాడు. పుష్పవల్లి ఆఫీసు కాపీల కట్ట విప్పింది. పన్నెండింటికి పన్నెండూ తలకిందులే. మొదటిది మాత్రమే తన కంటికి దొరక్కుండా తప్పించుకుంది, అదీ ఎందుకంటే శశి ఎవరో మణి ఎవరో చూసి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు కాబట్టి.

“శరణ్యా, పిల్ల కీ కింద ఎవుర్ని పెట్టినావమ్మా?”

“మాప్పిళ్ళను ఆంటీ, పెళ్ళికొడుకును. పిల్ల అంటే మాప్పిళ్ళ దానే? ఎదురు అంటే అవతల పొణ్ణు.”

“పిల్ల అంటే పిల్లేనమ్మా! ఆడపిల్ల!”

“మా అమ్మమ్మ గూడా పిలకాయ అంటే మగోణ్ణే అంటది గదా ఆంటీ…” అంటూనే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇద్దరి మాటా నిజమే. ఒకే మాట విన్నారు, ఒకే అక్షరాలు రాసుకున్నారు. ఉత్తరంలోని కీ, పట్టికలోని కీ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. మిషన్ చూసేది అంతవరకే. నంబర్లు పెట్టినప్పుడు తప్పు చేస్తే మొండికేసి కూర్చుంది, అదెంత నయం! పేర్లు పెట్టాక నవ్వుతూ చేసిపెట్టింది.

వరదరాజులుగారు విన్నారు. “కంప్యూటరు తప్పు అని తలా ఒక కార్డు పడెయ్యమ్మా పుష్పా. ఇప్పుడందరూ అదే చెప్తున్నారు, అందరూ నమ్మతా ఉన్నారు.”

“కంప్యూటరు చూడమన్నది చూసింది నాయుడుగారూ. నేనే చూడలేదు” అంది పుష్పవల్లి. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు.

శనివారం ఆవిడ బస్సెక్కి రాయపురం వెళ్ళింది. చేపల వాసన, లారీల దుమ్ము, ఎండ. ఒక ఇరుకు వీధిలో నిలువుగా కట్టిన ఇల్లు. భక్తవత్సలం తలుపు తీసి, కూర్చోమనలేదు. ఆయన భార్య పొన్నమ్మ మంచినీళ్ళిచ్చి, భర్త వెనకనుంచి కూర్చోమని కళ్ళతో సైగ చేసింది. అటు చెయ్యాలో ఇటు చెయ్యాలో తెలియక పుష్పవల్లి స్టూలు అంచున సగం కూర్చుంది.

“సార్, దాంట్లో కీ అని ఒకటి ఉంటది…” అని మొదలుపెట్టింది. దారి పొడవునా బస్సులో వల్లించుకున్న మాటలు. అంకె, మాట, ఖాళీ, పట్టిక. నాలుగో వాక్యానికి తనకే అర్థం కాలేదు.

“తాళం పోయిందంటావా ఏంది?” అన్నాడాయన.

“లేదు సార్. పిల్ల అనే మాట. నేను ఆడపిల్ల అనుకున్నా, ఆ అమ్మాయి మాప్పిళ్ళ అనుకున్నది. ఎవురూ ఎగతాళి చెయ్యలేదు. నా బుద్ధిలేమి.”

అప్పుడే శ్రీప్రియ వచ్చింది. స్కూల్లో మ్యాచ్ ఆడించి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాన్వాస్ బూట్లు ఎర్రమట్టి కొట్టుకుని, మెడలో విజిలు. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. పుష్పవల్లికి తల ఎత్తబుద్ధి కాలేదు.

“మీరేనా రాసింది? నేనొకటి అడగాల” అంది శ్రీప్రియ. “పేర్లు తారుమారైనాయి, సరే. నా పేరు సరిగ్గా పడుంటే నేను ముగ్గులు పెడతానని ఉండేది గదా. నాకు ముగ్గు రాదు. మీకెవురు చెప్పినారు?”

“అది… అందరికీ అదే రాస్తామమ్మా.”

“ఆయన సిగరెట్టు తాగడని?”

“అదీ అంతే.”

“తాగతాడా?”

పుష్పవల్లి సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఒక్క కామా తప్పిపోలేదు. ఆ ఉత్తరంలోని ఒక్క మాటైనా నిజమో కాదో మాత్రం ఏ రోజూ ఎవరినీ అడగలేదు.

“తెలీదమ్మా” అంది. “ఆయన్ని నేను చూసింది గూడా లేదు. వాళ్ళమ్మను చూసినాను. వాళ్ళమ్మ మంచిది. ఇది పోతే ఆయన ఇంక ఎవురింటికీ రానన్నాడంట. నా తప్పుకు ఆయన్ని శిక్షించొద్దు, అది చెప్పేదానికి వచ్చినా.”

“రాకపోతే పోనీ” అన్నాడు భక్తవత్సలం.

“ఉండన్నా.” శ్రీప్రియ మెట్టు మీద కూర్చుని బూటు తాడు విప్పింది. “ఆయన రావద్దు. నేనే పోయి చూస్తా. ఉత్తరంలో వరుడు నేనే గదా.”

“ఏందే ఆ మాటలు! ఊరు నవ్వదా?”

“ఇప్పుడేమి ఏడస్తా ఉందా ఊరు?” అంది ఆవిడ.

పొన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భక్తవత్సలం గోడ వైపు తిరిగాడు. అది ఒప్పుకోవడమో, చెల్లెలితో గెలవలేనని తెలియడమో పుష్పవల్లికి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా నిలబడే ధైర్యమూ లేదు. అక్కడినుంచి అటే కోడంబాక్కం వెళ్ళింది.

చూడామణమ్మకూ అదే ఉత్తరం వచ్చింది. ‘నా కొడుకును ఆడదాన్ని చేస్తివి గదే’ అని అప్పటికే ఒక విడత ఏడ్చి ఉంది. కొత్త కబురు విన్నాక రెండో విడత మొదలెట్టింది. “పిల్ల వచ్చి మొగోణ్ణి చూసేదా? మా వంశంలో ఉండాదా ఇది? స్టూడియోలో తెలిస్తే వాణ్ణి బతకనిస్తారా? నీ చేతి ఉత్తరమంటినే పుష్పా, నిన్ను నమ్మి…”

ఆ మాట పూర్తయ్యేలోపే లోపలి గదిలోంచి కేదార్ వచ్చాడు. సన్నగా, కాస్త వంగిన మనిషి. వెలుతురు వంక చూసి చూసి సగం మూతపడ్డట్టుండే కళ్ళు.

“రానీమా” అన్నాడు. “పందొమ్మిది ఇండ్లలో పోయి కూర్చున్నా. ఒగసారి ఎవురైనా నన్ను చూసేదానికి వస్తామంటా ఉంటే వద్దంటావే.”

ఆదివారం పుష్పవల్లి ముందే కోడంబాక్కం చేరింది, నాలుగింటికి వాళ్ళు వచ్చారు. శ్రీప్రియ ముందు నడిచింది, అన్న నాలుగడుగులు వెనక, ఎవరో తెలియనివాడిలా. ఎదురింటి కిటికీలో మూడు తలలు. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేసేవాళ్ళు ఎండిన బట్టలే మళ్ళీ ఆరేశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. ఇలాంటప్పుడు పెళ్ళికొడుకు కూర్చునే కుర్చీలో శ్రీప్రియ కూర్చుంది. కేదార్ నిలబడ్డాడు. చూడామణమ్మ కాఫీ పళ్ళెం తెచ్చి, ఎవరికి ముందివ్వాలో తోచక పుష్పవల్లికి ఇచ్చింది.

“సిగరెట్టు తాగతారా?” అని అడిగింది శ్రీప్రియ.

“తాగతా” అన్నాడు కేదార్. తల్లి కళ్ళు మూసుకుంది. “రోజుకు నాలుగు. షూటింగు ఉంటే ఆరు.”

“వంట?”

“రసం వస్తది. మిగతావి అప్పుడప్పుడు వస్తాయి.”

“నాకు అది గూడా రాదు. అరుస్తా. గ్రౌండులో అలవాటై, ఇంట్లో గూడా గట్టిగానే మాట్లాడతా.”

“మాకు ఆడ జనరేటర్ మోత. మెల్లగా చెప్తే వినపడదు” అన్నాడు కేదార్.

భక్తవత్సలం గడియారం చూసుకున్నాడు. చెల్లెలు లేవలేదు. మర్యాదకు కూర్చునే సమయం దాటి, ఇంకో పావుగంట కూర్చుంది. లైట్లు ఎంత బరువుంటాయని అడిగింది, ఎక్కి పడినవాళ్ళున్నారా అని అడిగింది. ఉన్నారని అతను చెప్పాడు. మోచేతి మచ్చ చూపించాడు. ఆవిడ మోకాలి సంగతి చెప్పింది, చూపించలేదు.

లేచి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, “వచ్చే ఆదివారం మా స్కూల్లో స్పోర్ట్సు. ఆ పై ఆదివారం అయితే ఇంట్లో ఉంటా” అంది. ఎవరితో అన్నదో ఎవరినీ చూడకుండా అంది. అన్నాచెల్లెళ్ళు వెళ్ళిపోయారు.

చూడామణమ్మ పుష్పవల్లి మోచెయ్యి పట్టుకుంది. “ఒప్పుకున్నట్టేనా? ఏం పుష్పా, ఒప్పుకున్నట్టే గదా?”

ఇలాంటి ప్రశ్నకు ఆవిడ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఒక జవాబుంది. అంతా శుభమే అనడం. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

“తెలీదు చూడామణమ్మా” అంది. “నిజంగా తెలీదు.”

కేదార్ మాత్రం ఖాళీ గ్లాసులు తీసి లోపలికి పట్టుకుపోయాడు, ఆ పై ఆదివారం ఏ తేదీ అవుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ.

పుష్పవల్లి సంచీలోంచి చీటీ తీసింది. పదకొండు సంబంధాలు, ఇరవై రెండిళ్ళు. మొదటి రెండిళ్ళవాళ్ళకూ, శశికీ మణికీ, ఏమని చెప్పాలి? వాళ్ళకు అసలు తప్పు తెలిసే ఉండదు. చెప్పకపోతే ఎవరూ అడగరు. ఆవిడ అద్దాలు సరిచేసుకుని, అయనావరానికి దారి పట్టింది.